ఊరికి మనిషి ఎంత అవసరం?

1949 ఏప్రిల్ 26, మంగళవారం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఏడేళ్ళ పిల్లవాడొకడు పొద్దున ఏడింటికి నిద్రలేచాడు. అప్పటికే ఆ ఇంట్లో ఒక మనిషి కాగితాలు, పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పిల్లవాడు మేజోడు తీసి కాలికి ఎక్కించుకుంటే అది రాసుకున్నారు. అమ్మతో ఏమన్నాడో రాసుకున్నారు. బడికి బయల్దేరితే వెనకే వెళ్ళారు. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకున్నారు. అలా ఎనిమిదిమంది వంతులవారీగా, రాత్రి ఎనిమిదిన్నర దాటి వాడు మళ్ళీ పక్క ఎక్కేదాకా వదలకుండా రాశారు. వాడేమీ యువరాజు కాదు, బాలమేధావి కాదు, రోగి అంతకన్నా కాదు. మామూలు పిల్లవాడు, మామూలు రోజు.

రెండేళ్ళ తర్వాత అదంతా నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకంగా అచ్చయింది. పేరు ‘వన్ బాయ్స్ డే’. పిల్లవాడి పేరు మార్చి రేమండ్ బర్చ్ అన్నారు. పుస్తకం వేసినవాళ్ళు రోజర్ బార్కర్, హెర్బర్ట్ రైట్. అందులో కథ లేదు, నీతి లేదు, విశ్లేషణ లేదు. పిల్లవాడు ఏ నిమిషంలో ఎక్కడున్నాడు, ఏం చేశాడు, అంతే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సర్వర్ లాగ్. మా పనిలో ఒక పాత గొడవ ఉంది. టెస్టింగులో చక్కగా నడిచిన ప్రోగ్రాం, నిజంగా జనం వాడటం మొదలుపెట్టాక వేరేలా నడుస్తుంది. ఎందుకలా అయిందో తెలియాలంటే కూర్చుని ఆలోచిస్తే సరిపోదు, లాగ్ తీసి చూడాలి. మనుషుల మనసుల్ని చదివే శాస్త్రానికి లాగ్ అనేదే లేదని, అది లేకుండా ఎంత సిద్ధాంతం కట్టినా గాల్లో మేడేనని బార్కర్ వాదన. ఆ మాట మీద ఆయన పాతికేళ్ళు ఒకే ఊళ్ళో కూర్చున్నాడు.

ఆయన మొదలుపెట్టిన దారిలోనే తర్వాత ‘పర్యావరణ మనస్తత్వశాస్త్రం’ పెరిగింది. పేరు వినగానే మనకు చెట్లు, కాలుష్యం గుర్తొస్తాయిగానీ ఇక్కడ పర్యావరణం అంటే మనిషి చుట్టూ ఉన్న చోటు: గది, వీధి, బడి, అంగడి, ఊరు. చోటు మనిషిని ఏం చేస్తుంది అన్నదే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న. మాది నెల్లూరు జిల్లా సంగం పక్కన ఒక పల్లె. ఊరొదిలి పదిహేనేళ్ళు దాటిన నాలాంటివాడికి ఇది పుస్తకాల్లో ఉండిపోయే ప్రశ్న కాదు.

*

బార్కర్ 1903లో అయోవా రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది చిన్న ఊళ్ళలోనే. చిన్నప్పుడు ఎముకల జబ్బు పట్టుకుని బడి ఏళ్ళు చాలావరకూ పోగొట్టుకున్నాడు. అయినా చదువుకుని 1934లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత అయోవాలో కర్ట్ లెవిన్ దగ్గర పనిచేశాడు. లెవిన్ జర్మనీ నుంచి వచ్చిన యూదు శాస్త్రవేత్త. మనిషి ప్రవర్తన అర్థం కావాలంటే మనిషిని, అతని చుట్టూ ఉన్న పరిస్థితిని కలిపి చూడాలని గట్టిగా నమ్మినవాడు.

బార్కర్, తమారా డెంబో, లెవిన్ కలిసి చేసిన ఒక ప్రయోగం 1941లో అచ్చయింది. చిన్నపిల్లలకు మంచి మంచి బొమ్మలు చూపించి, కాసేపు ఆడనిచ్చి, ఆ తర్వాత వాటికీ పిల్లలకూ మధ్య తీగల తెర దించేశారు. బొమ్మలు కనిపిస్తాయి, అందవు. అప్పుడు పిల్లల ఆట వాళ్ళ వయసుకంటే బాగా చిన్నపిల్లల ఆటలాగా దిగజారిపోయింది. ఆశాభంగం మనిషిని వెనక్కి నెడుతుందని చెప్పడానికి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఈ ప్రయోగాన్నే చూపిస్తారు.

ఇంకెవరైనా అయితే ఆ పేరుతోనే జీవితం గడిపేసేవాళ్ళు. బార్కర్ ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. తెర మనం దించాం కాబట్టి పిల్లలు అలా చేశారు. మామూలు జీవితంలో పిల్లల ముందు ఇలాంటి తెరలు రోజుకు ఎన్ని దిగుతాయి? ఎవరికీ తెలీదు. ఆక్సిజన్ ప్రకృతిలో ఎక్కడెక్కడ ఎంతెంత ఉందో రసాయనశాస్త్రం చెప్పగలదు. ఆశాభంగం ఎక్కడ ఎంత ఉందో మనస్తత్వశాస్త్రం చెప్పలేదు. తర్వాత ఆయన శిష్యుడు క్లిఫర్డ్ ఫాల్ ఊళ్ళో పిల్లల రోజువారీ రికార్డులు తిరగేసి చూస్తే, ఆశాభంగాలు అనుకున్నంత తరచుగా లేవు. ఉన్నచోట కూడా పిల్లలు ప్రయోగశాలలో లాగా దిగజారిపోవడం పెద్దగా కనబళ్ళేదు. తన పేరు నిలబెట్టిన ప్రయోగాన్నే తన సొంత లాగ్ సరిగ్గా సమర్థించలేదన్నమాట. ఆయన దాన్ని దాచుకోలేదు.

1947లో బార్కర్ కాన్సస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగానికి అధిపతిగా వచ్చాడు. విశ్వవిద్యాలయం లారెన్స్ పట్నంలో ఉంటే, ఆయన భార్య లూయీజ్‌తో, పిల్లలతో కాపురం పెట్టింది దగ్గర్లోని ఆస్కలూసాలో. జనాభా ఏడు వందల పైచిలుకు. ఒక కోర్టు, బడి, చర్చిలు, నాలుగు దుకాణాలు. జిల్లా కచేరి ఉండటం ఒక్కటే ఆ ఊరికున్న గొప్ప. మన లెక్కలో మండల కేంద్రం అనుకోవచ్చు. అక్కడ రైట్‌తో కలిసి ఒక పరిశోధన కేంద్రం తెరిచాడు. అది 1972 దాకా నడిచింది. బార్కర్ దంపతులు ఊళ్ళో చర్చికి వెళ్ళారు, పిల్లల్ని ఊరి బడిలోనే వేశారు. పరిశీలించేవాడు ఆ ఊళ్ళో బతక్కపోతే ఊరు అతనికి కనబడదని ఆయన నమ్మకం.

*

ఒక్కో పిల్లవాడి రోజును రాస్తూ పోతే బార్కర్ బృందానికి ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒకే పిల్లవాడు లెక్కల క్లాసులో ఒకలా, చర్చిలో ఒకలా, మందులషాపులో ఒకలా ఉంటున్నాడు. (అక్కడ మందులషాపంటే సోడాలూ ఐస్‌క్రీములూ అమ్మే చోటు కూడా.) అదే మందులషాపులో పదిమంది వేర్వేరు పిల్లలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటున్నారు. అంటే ఈ పిల్లవాడు కాసేపట్లో ఏం చేస్తాడో ఊహించాలంటే వాడి స్వభావం తెలుసుకోవడం కన్నా వాడెక్కడున్నాడో తెలుసుకోవడం నయం.

ఇలాంటి చోట్లకు బార్కర్ ‘బిహేవియర్ సెట్టింగ్’ అని పేరు పెట్టాడు. ఈ వ్యాసంలో దాన్ని ‘నెలవు’ అంటాను. నెలవు అంటే ఉత్త స్థలం కాదు. దానికో చోటు ఉంటుంది, వేళ ఉంటుంది, అక్కడి వస్తువులు అక్కడి పనికి తగ్గట్టు అమరి ఉంటాయి, అక్కడ ఎలా నడుచుకోవాలో అందరికీ తెలిసిన పద్ధతి ఉంటుంది. మనుషులు మారినా ఆ పద్ధతి నడుస్తూనే ఉంటుంది.

సంగంలో ఉదయం ఆరింటికి బస్టాండు పక్క టీ అంగడి ఒక నెలవు. మధ్యాహ్నం అదే బల్లల మీద ఎవరూ లేనప్పుడు అది నెలవు కాదు, ఉత్త బల్లలు. సంగమేశ్వరస్వామి గుళ్ళో కార్తీక సోమవారం ఒక నెలవు. క్షౌరశాల, రేషన్ షాపు ముందు వరస, ఎరువుల కొట్టు, మండలాఫీసు వరండా, అన్నీ నెలవులే. ఈ చివరిది 1985కి ముందు లేదు. ఆ ఏడు మండలాల వ్యవస్థ వచ్చాక మన చిన్న ఊళ్ళలో కొత్తగా పుట్టుకొచ్చిన నెలవులు ఎన్నో. అర్జీలు రాసిపెట్టే మనిషి, జిరాక్సు కొట్టు, ఆఫీసు ఎదుట కాకా హోటలు, వీటిలో దేన్నీ ప్రభుత్వం ప్రత్యేకంగా పెట్టలేదు. ఒక నెలవు వస్తే దాని చుట్టూ ఇంకో నాలుగు మొలుస్తాయి.

పోయేవీ ఉంటాయి. సంగం దగ్గర పెన్న మీద 1880లలో కట్టిన ఆనకట్ట ఉండేది. నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకూ డెల్టా పొలాలకూ మళ్ళించడానికి కట్టారుగానీ, పొదలకూరు వైపు పోయే జనానికి అదే దారి కూడా. వరదొస్తే దారి మూత. ఒడ్డున నిలబడి నీళ్ళు తగ్గే దాకా చూడటం, ఏ బండి దాటుతుందో పందేలు కట్టడం, అవతలి ఊరి సంగతులు ఇవతల చెప్పుకోవడం, అదంతా ఒక నెలవు. 2022 సెప్టెంబరు 6న పైన వంతెనతో సహా కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. ఇప్పుడు నిమిషాల్లో దాటేస్తున్నాం. ఇది మంచి మార్పు, ఆ ఒడ్డున ప్రసవానికి ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళనడగండి ఎంత మంచిదో. నెలవు పోయిందంటే నష్టమే జరిగిందని కాదు. కానీ ఏం పోయింది, దాని చోట్లోకి ఏం వచ్చింది అని లెక్క రాసుకోవచ్చు. బార్కర్ చేసింది ఆ లెక్కే. ఏడాది పొడుగునా ఊళ్ళో జరిగే ప్రతి నెలవునూ జాబితా రాశాడు. 1960లలో ఆస్కలూసాలో ఎనిమిది వందలకు పైగా లెక్క తేలాయి. అంత చిన్న ఊళ్ళో!

*

సరిగ్గా ఆ రోజుల్లో మన తెలుగునేల మీద మనస్తత్వశాస్త్రం ఏం చేస్తోంది?

హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1960ల నడుమ కాకినాడ వ్యాపారుల్ని ఎంచుకున్నాడు. హైదరాబాదులో చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’లో వాళ్ళకు తరగతులు పెట్టారు. ఏదైనా సాధించాలన్న తపన మనిషిలో తక్కువగా ఉంటే శిక్షణతో దాన్ని పెంచవచ్చా అన్నది ప్రశ్న. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు. ఫలితాలు 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకంగా వేశాడు. శిక్షణ పొందినవాళ్ళు తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుగ్గా ఉన్నారని తేల్చారు. ‘కాకినాడ ప్రయోగం’ పేరుతో ఇప్పటికీ మన బీకాం, ఎంబీయే పిల్లలు అది చదువుతున్నారు.

విశాఖలో అయితే 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కోనేరు రామకృష్ణారావుగారు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగం మొదలుపెట్టారు. అమెరికాలో జె. బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. మనసు దూరాన్ని, ఇంద్రియాల్ని దాటి తెలుసుకోగలదా అన్నది అక్కడి ఆసక్తి. ఊళ్ళను చూసినవాళ్ళు లేరని కాదు. ఎస్. సి. దూబే ఉస్మానియా బృందంతో శామీర్‌పేటను పరిశీలించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ వేశారు. కానీ అది మానవశాస్త్రం. కులం, కుటుంబం, ఆచారం అందులో విషయాలు.

కాకినాడలో మనిషి లోపలికి చూశారు. వాల్తేరులో చోటుతోనే పనిలేని మనసు కోసం చూశారు. ఆస్కలూసాలో మనిషి కూర్చున్న కుర్చీని చూశారు. మూడూ గొప్ప ప్రయత్నాలే. కాకినాడ ఫలితాల్లో ఒక చిన్న సంగతి మాత్రం నన్ను ఆపింది. శిక్షణ బాగా పనిచేసింది వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్ళ మీద. ఇంకొకరి కింద ఉన్నవాళ్ళ మీద అంత కనబళ్ళేదు. లోపల తపన పెంచినా, దాన్ని వాడే కుర్చీ బయట ఉండాలి. మెక్‌క్లెలాండ్ దొరికించుకున్న జవాబులోనే బార్కర్ ప్రశ్న ఉంది.

*

ఆ కుర్చీల గురించే బార్కర్ చెప్పిన అసలు మాట ఉంది. ఒక నెలవు నడవాలంటే కొన్ని పనులు జరగాలి, వాటికి మనుషులు కావాలి. నాటకానికి పదిమంది కావాలంటే పెద్ద ఊళ్ళో యాభైమంది ముందుకొస్తారు. నలభైమంది ప్రేక్షకులవుతారు. చిన్న ఊళ్ళో ఏడుగురే ఉంటే ఏడుగురూ స్టేజీ ఎక్కాలి, అందులో ముగ్గురు రెండేసి వేషాలు కట్టాలి. గొంతు బాగా లేదని ఎవర్నీ పక్కన పెట్టరు, పెడితే నాటకం ఆగిపోతుంది. మనుషులు చాలని నెలవులో ప్రతివాడూ ఎక్కువ పని చేస్తాడు, కష్టమైన పని చేస్తాడు, తరచూ ఓడిపోతాడు కూడా. కానీ తను లేకపోతే జరగదన్న సంగతి వాడికి తెలుసు.

ఈ మాటను బార్కర్, పాల్ గంప్ తూర్పు కాన్సస్‌లోని 13 హైస్కూళ్ళలో పరీక్షించారు. అన్నిటికన్నా చిన్న బడిలో 35 మంది, పెద్ద బడిలో 2,287 మంది. పెద్ద బడిలో పిల్లలు 65 రెట్లు ఎక్కువ. కానీ నెలవులు, అంటే క్లాసులు, ఆటలు, క్లబ్బులు, నాటకాలు, సభలు అన్నీ కలిపి, ఎనిమిది రెట్లే ఎక్కువ. బయటినుంచి చూస్తే పెద్ద బడిలో ఎంత వైవిధ్యం! లోపలున్న పిల్లవాడి వైపునుంచి చూస్తే ఒక్కో కుర్చీకి పోటీ ఎక్కువ, ఖాళీ తక్కువ. చిన్న బడి పిల్లలు ఎక్కువ బాధ్యతలు మోశారు, ‘నేను ఫలానాది చేశాను’ అన్నారు. పెద్ద బడి పిల్లలు చూసిన వాటి గురించి, గుంపులో ఉన్న ఆనందం గురించి ఎక్కువ చెప్పారు. చదువులో వెనకబడ్డ పిల్లల సంగతి ఇంకా స్పష్టం. చిన్న బడిలో వాళ్ళను కూడా ‘రా, నువ్వు లేకపోతే కాదు’ అని లాక్కెళ్ళారు. పెద్ద బడిలో వాళ్ళను ఎవరూ పిలవలేదు. ‘బిగ్ స్కూల్, స్మాల్ స్కూల్’ పేరుతో 1964లో వచ్చిన ఈ పుస్తకం, బళ్ళను కలిపేస్తే మేలన్న గాలి అమెరికాలో బలంగా వీస్తున్న రోజుల్లో వచ్చింది.

ఇది చదువుతుంటే నా ఉద్యోగాలే కళ్ళ ముందు కనబడ్డాయి. మొదటి కంపెనీలో ఆరుగురం. కోడు రాసింది నేనే, కస్టమరు తిట్లు తిన్నది నేనే, ఏసీ రిపేరువాణ్ణి పిలిచిందీ నేనే. ఇప్పుడు మూడొందల మంది ఉన్న విభాగంలో ఉన్నాను. జీతం నాలుగింతలు. నేను రెండు వారాలు సెలవు పెడితే ఎవరికీ తెలీదు. ఈ రెండింటి తేడాకి నా లోపలి తపనతో సంబంధం లేదు.

*

అయితే ఇక్కడ ఒక అడ్డం ఉంది. చిన్న ఊళ్ళో ప్రతి మనిషీ అవసరం అన్న మాట తెలుగు పల్లెల్లో చెబితే వినేవాళ్ళు రెండు రకాలుగా వింటారు. చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టి మనిషి, వీళ్ళంతా ఊరికి అవసరమే. ఎంత అవసరమంటే ఊరు వదిలి పోనివ్వనంత. నెల్లూరికో మద్రాసుకో పోయి, ఎవరూ తనను గుర్తుపట్టని గుంపులో కలిసిపోవడమే విడుదల అనుకున్నవాళ్ళు ఎంతమంది! టీ అంగట్లో వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, ఆ అంగడి అందరికీ ఒకే నెలవు కాదు. ‘మనుషులు చాలకపోతే ఎవర్నయినా రానిస్తారు’ అన్న బార్కర్ సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. రచ్చబండ ఖాళీగా ఉన్నా సరే, కొందరిని కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

ఈ అడ్డాన్ని కొలిచే కొలబద్ద మళ్ళీ బార్కర్ దగ్గరే దొరుకుతుంది. ప్రతి నెలవులోనూ మనిషి ఎంత లోపలికి చొచ్చుకుపోగలడో ఆయన ఆరు మెట్లు వేశాడు. దూరంనుంచి చూసేవాడు ఒకటో మెట్టు. ప్రేక్షకుడు రెండు. సభ్యుడో కొనుగోలుదారో అయితే మూడు. పని నడిపించేవాడు నాలుగు. నలుగురితో కలిసి పెత్తనం చేసేవాడు ఐదు. ఒక్కడే పెత్తందారు అయితే ఆరు. స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్ళు, నల్లవాళ్ళు ఏ నెలవులో ఏ మెట్టు దాకా వెళ్ళగలుగుతున్నారో విడివిడిగా లెక్క చూడమన్నాడు. కాబట్టి ‘ఊరికి నేను అవసరమా’ అని అడిగి ఊరుకుంటే చాలదు. ‘ఏ మెట్టు మీద అవసరం, పై మెట్టు ఎక్కనిస్తారా’ అని కూడా అడగాలి.

మా జిల్లాలో ఈ ప్రశ్నకు ఒకసారి జవాబు దొరికింది. బార్కర్ పేరు వినని మనుషులు చెప్పిన జవాబు అది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పనులు కాబట్టి ఆడవాళ్ళకు రాత్రి బడులు. చదువు చెప్పేది ఎవరు? అంతమంది టీచర్లు లేరు. ఊళ్ళో పదో తరగతి చదివిన పిల్లలే వాలంటీర్లు. వీధి దీపం కింద, గుడి అరుగు మీద, బడి వరండాలో కూర్చున్నారు. మా అమ్మమ్మ కూడా పలక పట్టుకుని పోయిందంట. ‘అక్షరాలు రెండు నెల్లకే మర్చిపొయినా నాయనా, పక్కన కూకున్నోళ్ళని మాత్రం మర్చిపోలా’ అనేది.

ఆ మాటలో చాలా ఉంది. అప్పటిదాకా మెట్ట పల్లెల్లో సాయంత్రం ఆరు దాటితే మగవాళ్ళకు ఒక నెలవు ఉంది: సారాయి అంగడి. ఆడవాళ్ళకు ఇల్లు తప్ప ఏమీ లేదు. రాత్రిబడి రావడంతో ఊళ్ళో ఆ వేళకు రెండో నెలవు పుట్టింది. తాగొచ్చినవాళ్ళు ఆ బడుల్లో గొడవ చేశారు. చదువుకునే పాఠాల్లో సారాయి బాధల కథలున్నాయి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారాయి అంగడి మూయించారు. ఆ సంగతి తర్వాత చదువుల పుస్తకంలోనే పాఠమైంది, పాఠం మిగతా ఊళ్ళకు పాకింది. 1992లో నెల్లూరులో సారాయి వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది.

ఈ ఉద్యమం గురించి రాసినవాళ్ళు చైతన్యం వచ్చింది అంటారు. నిజమే. కానీ అంతకుముందు ఆ ఆడవాళ్ళకు సారాయి బాధ తెలీదా? తెలుసు, అందరికన్నా బాగా తెలుసు. వాళ్ళ లోపల లేనిదేదో శిక్షణ ఇచ్చి పెట్టలేదు. కలిసి కూర్చునే చోటూ వేళా దొరికాయి. ఆ నెలవు కొత్తది కాబట్టి దానికి పాత పెత్తందారు లేడు. మనుషులు చాలనిది కాబట్టి వచ్చినవాళ్ళకల్లా పని ఉంది: పక్కింటామెను పిలుచుకురావాలి, లాంతరు తేవాలి, గొడవ చేసేవాణ్ణి వెళ్ళగొట్టాలి, అధికారితో మాట్లాడాలి. ఊళ్ళో అన్ని నెలవుల్లో ఒకటో మెట్టు దాటని మనుషులు కొద్ది నెలల్లో ఐదూ ఆరూ మెట్లకు వెళ్ళారు. బార్కర్ సూత్రం మా పల్లెల్లో నడవదని కాదు. కుర్చీ ఖాళీగా ఉండటంతోబాటు, దాని మీద ఎవరి పేరూ ముందే రాసి ఉండకపోతే నడుస్తుంది.

*

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఊళ్ళో అలాంటి కుర్చీలు నాకు కనిపించేది ఇంక ఒక్క చోటే. సర్కారు బడి.

విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలకు నడిచి వెళ్ళే దూరంలో ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెలు వలసలతో పల్చబడ్డాయి. ఉన్నవాళ్ళు పిల్లల్ని బస్సులొచ్చే ప్రైవేటు బళ్ళకు పంపుతున్నారు. బడిలో పిల్లలు తగ్గిపోయారు. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకు కలపడం మొదలైంది. 2025లో ఆ జీవో రద్దయి, మోడల్ ప్రైమరీ పాఠశాలల పేరుతో మళ్ళీ సర్దుబాటు జరిగింది. ప్రభుత్వాలు మారినా లెక్క వేసే తీరు ఒకటే: ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, ఎన్ని కిలోమీటర్లు.

ఆ లెక్క తప్పని అనను. ఐదు తరగతులకు ఒకే టీచరుంటే చదువెలా సాగుతుందన్న ప్రశ్న నిజమైనది. క్లాసుకొక టీచరు కావాలని తల్లిదండ్రులు కోరుకోవడం న్యాయం. చిన్న బడిని పొగిడినవాళ్ళు కూడా తమ పిల్లల్ని అందులో వేస్తున్నారా అని అడిగితే నా దగ్గరా జవాబు లేదు. నా కూతురు బెంగుళూరులో నలభైమంది ఉన్న సెక్షన్‌లో చదువుతోంది. బార్కర్ కూడా చిన్న బడిలో మార్కులు ఎక్కువొస్తాయని చెప్పలేదు. ఆయన అడిగింది వేరే: ఈ బడిలో పిల్లలు చెయ్యాల్సిన పనులెన్ని, అవి ఎంతమంది పిల్లల చేతికి వస్తున్నాయి?

పద్దెనిమిదిమంది ఉన్న బడిని ఊహించండి. ఆగస్టు పదిహేనుకి జెండా తాడు ఒకరు పట్టుకోవాలి, ‘వందేమాతరం’ ఒకరు అందుకోవాలి, బిస్కెట్లు ఒకరు పంచాలి, సర్పంచికి కుర్చీ ఒకరు వెయ్యాలి, చిన్నపిల్లల్ని వరసలో ఒకరు నిలబెట్టాలి, ఉపన్యాసం ఒకరు చెప్పాలి. నత్తి ఉన్న పిల్లవాడికీ, ఎస్సీ కాలనీ నుంచి వచ్చే పిల్లకీ ఏదో ఒకటి రాక తప్పదు. రెండు మూడేళ్ళలో వాళ్ళు ఉపన్యాసం దాకా వస్తారు, ఎందుకంటే పెద్దపిల్లలు వెళ్ళిపోతారు. ఐదొందల మంది బడిలో ఆ ఉపన్యాసం బాగా మాట్లాడే పిల్లే చెబుతుంది, ప్రతి ఏడూ. మిగతావాళ్ళు ఎండలో నిలబడి చప్పట్లు కొడతారు.

బడులు కలపాల్సి వస్తే కలపండి. కానీ కలిపే ముందు, కలిపాక, ఆ కాగితంలో ఇంకో గడి చేర్చడం కష్టమేమీ కాదు: ఈ ఏడాది ఈ బడిలో ఏ పిల్లకు ఏ పని అప్పగించారు, ఏ పనీ దక్కని పిల్లలెంతమంది? పెద్ద బడిలో ఆ రెండో అంకె పెరిగితే, అక్కడ కొత్త నెలవులు పెట్టాలి. ఒక్క జట్టు బదులు నాలుగు జట్లు, ఒక్క నాటకం బదులు తరగతికొక నాటకం, వంతులవారీగా లైబ్రరీ తాళం. డబ్బు పెద్దగా ఖర్చయ్యేవి కావు. ఎవరో ఒకరు లెక్క రాయాలి, అంతే.

బార్కర్ పరిశోధన కేంద్రం 1972లో మూతబడింది. మెక్‌క్లెలాండ్‌కు వచ్చినంత పేరు ఆయనకు రాలేదు. ఒక ఊళ్ళో ఏడాది పొడుగునా ప్రతి నెలవునూ రాసుకుంటూ కూర్చునే ఓపిక తర్వాతి తరానికి చాలలేదు. పని ముగిశాక ఆయన విశ్వవిద్యాలయం ఉన్న పట్నానికి వెళ్ళిపోలేదు. అక్కడే ఉండిపోయి 1990లో ఆస్కలూసాలోనే కన్నుమూశాడు. పరిశీలించడానికి వచ్చినవాడు ఆ ఊరి మనిషై పోయాడు. ఏడు వందల మంది ఉన్న ఊళ్ళో నలభై ఏళ్ళు ఊరికే చూస్తూ ఉండటం ఎవరికీ కుదరదని ఆయన సిద్ధాంతమే చెబుతోంది కదా.